నాన్నకి వచ్చిన ఫోను, తర్వాత 1930, స్టేషన్, కోర్టు: మా ఇంట్లో జరిగింది

మా తమ్ముడు టెక్సాస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. మాది ప్రకాశం జిల్లా, నాన్న కొండపి వైపు పొగాకు వేస్తాడు, నేను ఒంగోల్లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తాను. మార్చి మొదట్లో తమ్ముడి పేరు చెప్పి నాన్న దగ్గర లక్షకి వెయ్యి తక్కువ లాగారు, ఇంకో నాలుగు లక్షలు పోయేదే, అది ఆగింది. పోయినదాంట్లో సగం పైనే వెనక్కి వచ్చింది. ఎట్టా వచ్చింది, ముందు ఎవరికి చెప్పాలి, ఏ కాగితం ఎవరు అడుగుతారు అనేది ఒక్కచోట చెప్పినోళ్ళు మాకు లేరు, అడుగడుక్కీ ఒకర్ని అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. అందుకని మొత్తం రాస్తున్నాను, పిల్లల్ని బయటకి పంపినోళ్ళు, ఈ ఆగస్టుకి పంపబోయేవాళ్ళు దయచేసి చివరిదాకా చదవండి.

ముందు ఆ ఫోన్ సంగతి. మధ్యాహ్నం రెండు దాటాక వచ్చింది. ఆ టైము గురించి నేను తర్వాత చాలా ఆలోచించాను. మార్చి రెండో ఆదివారం దాకా టెక్సాస్‌కీ మనకీ పదకొండున్నర గంటల తేడా, ఆ తర్వాత పదిన్నర. అంటే మనకి మధ్యాహ్నం రెండైతే వాడికి అర్ధరాత్రి దాటి రెండున్నర. ఆడ పిల్లోడు నిద్రలో ఉంటాడు, ఫోన్ సైలెంట్‌లో ఉంటది, ఈడేమో బ్యాంకు తెరిచే ఉంటది, నాన్న పొలం నుంచి వచ్చి అన్నం తిని కూర్చునే వేళ. కన్నోళ్ళు పిల్లలకి ఫోన్ చేస్తే ఎత్తని టైము, డబ్బు మాత్రం కదిలే టైము, ఆ రెండూ కలిసే గంటలు చూసుకుని చేస్తారు వీళ్ళు.

వాట్సాప్ కాల్. డీపీలో ఖాకీ చొక్కా ఆఫీసరు. నంబరు +92తో మొదలైంది, అది పాకిస్తాన్ కోడ్, కానీ ఫోన్ మోగేటప్పుడు మా నాన్న వయసు మనిషి కోడ్ చూడడు, ఫోటో చూస్తాడు. తెలుగులోనే మాట్లాడాడంట. ఎంబసీ నుంచి అన్నాడు, తమ్ముడి పూర్తి పేరు, యూనివర్సిటీ పేరు, ఏం చదువుతున్నాడు, ఏ నెల్లో ఫ్లైట్ ఎక్కాడు అన్నీ చెప్పాడు. "మీ అబ్బాయి రూమ్మేట్లతో కలిసి డ్రగ్స్ కేసులో దొరికాడండీ, ఇంకా కేసు రాయలా, రాస్తే వీసా పోయిద్ది, తిప్పి పంపించేస్తారు, ఇప్పుడే లాయర్‌కి బాండ్ డబ్బు కడితే తెల్లారేలోపు వదిలేస్తారు" అన్నాడంట. ఆ తర్వాత ఎవరో ఏడుస్తూ "నాన్నా, నాన్నా" అన్నారు. అంతే, ఇంకేం మాటలు లేవు, ఏడుపు. అంత దూరంలో ఉన్న కొడుకు ఏడుపు అనుకున్నాక ఏ తండ్రీ గొంతు పోల్చుకుంటా కూర్చోడు. ఫోన్ కట్ చేస్తే సంతకం పెట్టే అధికారి వెళ్ళిపోతాడు, ఎవరికైనా చెప్తే మిగతా పిల్లల కేసు కూడా చెడిపోయిద్ది, లైన్లోనే ఉండండి అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాన్న సైబర్ మోసాల గురించి తెలీని మనిషి కాదు. గవర్నమెంటు పెట్టిన ఆ కాలర్ ట్యూన్ రోజూ విన్నాడు, 2024 అక్టోబరులో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో డిజిటల్ అరెస్టు అనేది చట్టంలో ఎక్కడా లేదని చెప్పింది టీవీలో చూశాడు, నీ ఆధార్ మీద పార్సిల్ దొరికింది అని ఎవరైనా ఫోన్ చేస్తే తిట్టి పెట్టేసేవాడు. ఆ హెచ్చరికలన్నీ నీ మీద కేసు అని వచ్చే ఫోన్ల గురించి. తన మీద కేసంటే ధైర్యంగా ఉండే మనిషి పిల్లోడి మీద కేసంటే ఉండలేడు. ఊళ్ళో కొందరు "ఇంత తెలిసిన మనిషి ఎట్టా ఇచ్చాడు" అని అడిగారు, నాకు చాలా బాధేసింది, దయచేసి ఎవర్నీ అట్టా అడగొద్దు. అట్టా అడుగుతారనే భయంతోనే చాలా ఇళ్ళల్లో పోయిన డబ్బు గురించి ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటున్నారు, చెప్పడం లేటైతే వచ్చే డబ్బు కూడా రాదు.

యూపీఐలో ఒకసారి యాభై వేలు, ఇంకోసారి నలభై తొమ్మిది వేలు, రెండూ వేరే వేరే అకౌంట్లకి. చాలా బ్యాంకుల్లో రోజుకి లక్ష దాకానే యూపీఐ పోయిద్ది, ఆ సంగతి వాళ్ళకి తెలుసు, అందుకే లక్ష లోపు ఆపి, మిగతా నాలుగు లక్షలు బ్యాంకుకి పోయి ఆర్టీజీఎస్ (పెద్ద మొత్తాలు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంటుకి పంపే పద్ధతి) చెయ్యమన్నారు. పొగాకు వేలం డబ్బులు అప్పుడే అకౌంట్లో పడుతున్నయ్. అమ్మ ఆరోజు పిన్ని వాళ్ళింట్లో ఉంది. నాన్న పాస్‌బుక్కు తీసుకుని, ఫోన్ లైన్లోనే పెట్టి చొక్కా జేబులో వేసుకుని బండి మీద బ్యాంకుకి పోయాడు.

మా కుటుంబాన్ని కాపాడింది ఆ బ్యాంకులో ఉన్న ఒకమ్మాయి. ఆర్టీజీఎస్ ఫారం తీసుకుని, అకౌంటు ఎక్కడో ఉత్తరాది బ్రాంచిది, పేరు ఎవరిదో, నాన్న చేతులు వణుకుతున్నయ్, జేబులో ఫోన్ వెలుగుతా ఉంది, అన్నీ చూసింది. నోటితో ఒక్క మాట అడగలేదు, విత్‌డ్రాయల్ స్లిప్పు వెనక "ఎవరు బాబాయ్ లైన్లో?" అని రాసి ముందుకు జరిపింది. నాన్న "అబ్బాయి, అమెరికా, పోలీసులు" అని రాశాడు. ఆమె గట్టిగా, ఫోన్లో వాడికి వినపడేట్టు, "సర్వర్ రావట్లేదండీ, పది నిమిషాలు కూర్చోండి" అంది, కింద "ఇంట్లో ఇంకొకళ్ళ నంబర్ రాయండి" అని రాసింది, నాన్న నా నంబర్ రాశాడు. పక్క రూంలోకి పోయి నాకు ఫోన్ చేసింది. కౌంటర్లో కూర్చునే ప్రతివాళ్ళకీ ఈ పద్ధతి నేర్పాలని నాకు అనిపించిద్ది, ఎందుకంటే ఆ టైములో "ఇది మోసం అండీ" అని పైకి అంటే నాన్న వినేవాడు కాదు, లైన్లో ఉన్నోడు "ఆమె మాట వింటే మీవాడు లోపలికే" అని ఉండేవాడు.

నేను తమ్ముడికి చేస్తే ఎత్తలేదు. వాడి రూమ్మేట్ కావలి అబ్బాయి, పోయిన సంక్రాంతికి వాళ్ళమ్మ పంపిన పచ్చళ్ళతో పాటు మావీ వెళ్ళినయ్, ఆ సందర్భంలో వాడి నంబర్ నా దగ్గర ఉంది. వాడు రాత్రి షిఫ్టు అయిపోయి అప్పుడే గదికి వచ్చాడు, ఎత్తాడు. "అక్కా, వీడు ఇక్కడే నిద్రపోతున్నాడు" అన్నాడు. వీడియో పెట్టి లేపించాను. వాడి మొహం చూపిస్తా అదే కాల్ బ్యాంకులో ఆ అమ్మాయి ఫోన్‌కి కలిపాను, ఆమె తీసుకెళ్ళి నాన్న ముందు పెట్టింది. నాన్న జేబులో ఫోన్ తీసి కట్ చేశాడు.

ఇంక అసలు పని అక్కణ్ణుంచి మొదలైంది. చాలామంది ఏడుపులు, తిట్లు, చుట్టాల ఫోన్లు అన్నీ అయ్యాక సాయంత్రం ఎప్పుడో స్టేషన్‌కి పోతారు. అట్టా చెయ్యొద్దు. ముందు 1930కి ఫోన్ చెయ్యాలి, ఆ తర్వాతే ఏదైనా. అది కేంద్ర హోంశాఖ కింద నడిచే సైబర్ ఫైనాన్షియల్ ఫ్రాడ్ హెల్ప్‌లైను, మన ఫోన్ మన రాష్ట్రం వాళ్ళకే పోయిద్ది. వాళ్ళు మన కంప్లైంటు ఎక్కించగానే డబ్బు పోయిన బ్యాంకుకి సిస్టంలో మెసేజ్ పోయిద్ది, ఆ డబ్బు ఇంకా ఆ అకౌంట్లో ఉంటే ఆపేస్తారు, అక్కణ్ణుంచి ఇంకో అకౌంటుకి పోతే ఆ బ్యాంకుకి, ఆడనుంచి ఇంకోదానికి పోతే ఆ మూడో బ్యాంకుకి, అట్టా వెంటపడతారు. దొంగలు కూడా అంతే స్పీడుగా ముక్కలు చేసి తోస్తా ఉంటారు, ఏటీఎంలో తీసేస్తే ఇంక దొరకదు. అందుకే గంటలు కాదు, నిమిషాలు లెక్క.

లైను ఎంగేజ్ వచ్చింది, మళ్ళీ మళ్ళీ చేస్తా ఒంగోలు నుంచి బండి మీద బయల్దేరాం, మా ఆయన నడుపుతా ఉంటే నేను వెనక కూర్చుని చేస్తానే ఉన్నా, కలిసింది. వాళ్ళు అడిగినవి చెప్తాను, ఇవి చేతిలో పెట్టుకుని చేస్తే టైము కలిసొచ్చిద్ది: డబ్బు పోయిన మన అకౌంట్ నంబరు, బ్యాంకు పేరు, ఒక్కో ట్రాన్సాక్షన్‌కి యూటీఆర్ అని పన్నెండు అంకెల నంబరు, ఎంత, ఏ టైముకి, ఎదుటోడి యూపీఐ ఐడీ, వాడు చేసిన ఫోన్ నంబరు. యూటీఆర్ యాప్‌లో ఆ పేమెంటు నొక్కితే కనపడిద్ది, బ్యాంకు మెసేజ్‌లో కూడా ఉంటది. నాన్నతో బ్యాంకు అమ్మాయి అవన్నీ స్క్రీన్‌షాట్లు తీయించి నాకు పంపించింది. అయ్యాక ఫోన్‌కి ఒక అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు వచ్చింది. ఆ నంబరు ఉంది కదా అని ఊరుకోకూడదు, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ లోకి పోయి స్క్రీన్‌షాట్లు, గుర్తింపు కార్డు పెట్టి కంప్లైంటు పూర్తి చెయ్యాలి. మేం ఆ సాయంత్రమే చేశాం. వాట్సాప్ చాట్ డిలీట్ చెయ్యొద్దు, కాల్ హిస్టరీ డిలీట్ చెయ్యొద్దు, కోపంలో నాన్న తీసేయబోతే ఆపాను. అన్నీ స్క్రీన్‌షాట్లు తీసుకున్నాకే బ్లాక్ చెయ్యండి.

బ్యాంకులో తెల్ల కాగితం మీద కంప్లైంటు రాసిచ్చి, ఇంకో కాపీ మీద తేదీ, టైముతో సీలు వేయించుకున్నాం. ఆడ చాలామందికి ఉన్న ఒక అపోహ గురించి చెప్పాలి. 2017 జులైలో ఆర్బీఐ ఇచ్చిన సర్క్యులర్ ఉంది, మూడు పనిదినాల లోపల చెప్తే కస్టమర్‌కి నష్టం ఉండదని అందరూ ఫార్వర్డ్ చేస్తుంటారు. అది మన ప్రమేయం లేకుండా, మనకి తెలీకుండా ఎవడో లాగేసిన డబ్బుకి. నాన్న తన చేత్తో పిన్ కొట్టాడు, భయపెట్టి కొట్టించినా సరే, బ్యాంకు దృష్టిలో అది ఆయన చేసిన పేమెంటే. అందుకని బ్యాంకు తన జేబులోంచి ఇయ్యదు, పోతా ఉన్న డబ్బుని పట్టుకోవడమే దారి. ఇది ఎంత అన్యాయంగా అనిపించినా మాకు జరిగినప్పుడు ఉన్న రూలు అదే. బ్రిటన్‌లో 2024 అక్టోబరు నుంచి ఇట్టా మోసపోయి మనమే పంపిన డబ్బు కూడా 85 వేల పౌండ్ల దాకా బ్యాంకులు తిరిగి ఇచ్చేట్టు రూలు పెట్టారు. మన దగ్గర కూడా అట్టాంటిది రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

తర్వాత స్టేషన్. మొదట పోయినచోట "ఇది సైబర్ వాళ్ళు చూస్తారమ్మా, ఆడికి పోండి" అన్నారు. మా ఆడిటర్ గారు ఫోన్లోనే చెప్పారు, పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 173 సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లో అయినా ఎఫ్ఐఆర్ తీసుకోవాలి, పరిధి కాకపోతే జీరో ఎఫ్ఐఆర్ కట్టి వాళ్ళే బదిలీ చెయ్యాలి. ఆ మాట మర్యాదగానే చెప్పాం, 1930 నంబరు చూపించాం, తీసుకున్నారు. కేసు మోసం కింద, వేరే మనిషిలాగా నటించి మోసం చేసినందుకు, ఐటీ చట్టం 66డీ కింద కట్టారు. ఐటీ చట్టం ఉంటే ఇన్‌స్పెక్టరు స్థాయి తగ్గని అధికారే దర్యాప్తు చెయ్యాలి, అందుకని ఫైలు సీఐ గారి దగ్గరికి పోయింది. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదు చేసినోళ్ళకి ఉచితంగా ఇయ్యాలి, అడిగి తీసుకోండి, కోర్టులో అదే మొదటి కాగితం.

సీఐ గారు కొన్నాళ్ళకి చెప్పిన విషయం నన్ను ఇప్పటికీ వదలట్లేదు. నలభై తొమ్మిది వేలు పోయిన అకౌంటు వేరే రాష్ట్రంలో డిగ్రీ చదివే పిల్లోడిది. అకౌంటు, ఏటీఎం కార్డు, సిమ్ము కలిపి ఎవడికో ఇచ్చాడంట, నెలకి ఇంత అని కమిషన్. వాళ్ళు మ్యూల్ అకౌంట్ అంటారు. ఈడ మా తమ్ముడిలాంటి పిల్లోడి పేరు చెప్పి డబ్బు లాగితే అది ఇంకో చదువుకునే పిల్లోడి అకౌంట్లో పడింది, కేసులో మొదటి ముద్దాయి వాడే అయ్యాడు, వెనక ఉన్నోడు ఎవడో ఇంకా తెలీదు. మన ఒంగోల్లో, నెల్లూర్లో కాలేజీ హాస్టళ్ళల్లో కూడా "నీ అకౌంట్ వాడుకుంటాం, ఊరికే డబ్బులు వస్తయ్" అని తిరిగేవాళ్ళు ఉన్నారని సీఐ గారే చెప్పారు. బయటి దేశాల్లో మన పిల్లల్ని కూడా ఇట్టాగే వాడుకుంటారు. పొరపాటున నీకు డబ్బు పంపాను, తిరిగి పంపు అంటారు, లేకపోతే నీ అకౌంట్లో వేస్తాం, కొంత నువ్వు ఉంచుకో అంటారు. తిరిగి పంపితే దొంగ డబ్బు చేతులు మార్చినట్టే. వీసా మీద ఉన్న పిల్లోడికి అట్టాంటి కేసు పడితే చదువు మొత్తం పోయిద్ది. ఎవడైనా పొరపాటున పంపాడని అంటే బ్యాంకుకే చెప్పాలి, మనం చేత్తో తిప్పి పంపకూడదు.

డబ్బు ఆపడం వేరు, మన చేతికి రావడం వేరు. నలభై తొమ్మిది వేలు మొత్తం ఆ అకౌంట్లోనే ఆగింది. యాభై వేలల్లో పధ్నాలుగు వేలు మొదటి అకౌంట్లో, కొంత ఇంకో బ్యాంకులో, మిగతాది ఏటీఎంలో తీసేశారు. మా కేసులో ఆపిన డబ్బు కోర్టు ద్వారానే వచ్చింది. వకీలు గారు బీఎన్ఎస్ఎస్ 503 కింద మేజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేశారు, పాత చట్టంలో 457 అనేవాళ్ళు. ఎఫ్ఐఆర్, 1930 నంబరు, నాన్న బ్యాంకు స్టేట్‌మెంటు, ఏ అకౌంట్లో ఎంత హోల్డ్ ఉందో పోలీసులు తెప్పించిన వివరం, ఆధార్, పాన్ పెట్టాం. పోలీసులు అభ్యంతరం లేదని రాశారు. జడ్జి గారు పూచీకత్తు బాండు మీద ఆర్డరు ఇచ్చారు. ఆ ఆర్డరు సర్టిఫైడ్ కాపీ తీసి స్టేషన్ ద్వారా ఆ బ్యాంకుకి పంపితే అరవై మూడు వేలు నాన్న అకౌంట్లో పడింది. అది కోర్టు పని, నిదానంగానే ఉంటది, ప్రతి మెట్టు దగ్గరా మనమే అడుగుతా ఉండాలి.

ఈ మధ్యలో ఇంకో ఫోన్ వచ్చింది, అది కూడా చెప్పాలి. "సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ రీఫండ్ రెడీగా ఉంది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని. మన కంప్లైంటు సంగతి వాడికి ఎట్టా తెలిసిందో తెలీదు కానీ కేసు పెట్టినోళ్ళకి ఇట్టాంటి ఫోన్లు వస్తయ్, సీఐ గారు ముందే చెప్పారు. 1930 వాళ్ళు, పోలీసులు, కోర్టు ఎవరూ డబ్బు తిరిగి ఇవ్వడానికి ముందు డబ్బు కట్టమనరు, ఓటీపీ అడగరు, రిమోట్ యాప్ ఎక్కించుకోమనరు. ఆ నంబరు సంచార్ సాథీలో చక్షు అనే దాంట్లో పెట్టాం, డబ్బు పోకముందే అనుమానం ఫోన్ల గురించి చెప్పడానికి టెలికాం శాఖ 2024లో పెట్టింది అది.

ఇంక తమ్ముడి వైపు సంగతి. వాడు తెల్లారగానే యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసుకి పోయి చెప్పాడు. అక్కడ డీఎస్ఓ అని ఒకరుంటారు, ఐ-20 (వీసాకి చూపించే యూనివర్సిటీ అడ్మిషన్ కాగితం) ఇచ్చేది, పిల్లోడి స్టేటస్ రికార్డు చూసేది వాళ్ళే. ఆమె వాడిని కూర్చోబెట్టి చెప్పిందంట, నీ స్టేటస్ గురించి ఎవరు ఫోన్ చేసినా "మా డీఎస్ఓతో మాట్లాడండి" అని పెట్టెయ్యి, అంతే. అప్పుడు వాడు ఒక విషయం బయటపెట్టాడు. వాడికీ అంతకు ముందు ఒక ఫోన్ వచ్చిందంట, ఇమ్మిగ్రేషన్ ఆఫీసు నుంచి అని, స్క్రీన్ మీద నంబరు నిజంగా ఆ ఆఫీసుదే. అడ్రసు మార్పు చెప్పలేదు కాబట్టి ఫైన్ కట్టాలి, గిఫ్ట్ కార్డులు కొని వెనక నంబర్లు చదవమన్నారంట. అడ్రసు మారితే పది రోజుల్లోపల చెప్పాలనే రూలు నిజమే, ఆ నిజం చుట్టూ అబద్ధం అల్లుతారు. నంబరు కూడా నమ్మడానికి లేదు, సాఫ్ట్‌వేరుతో ఏ నంబరైనా కనపడేట్టు చెయ్యొచ్చు, వాషింగ్టన్‌లో మన ఎంబసీ నంబరే కనపడేట్టు చేసి మనవాళ్ళని మోసం చేస్తున్నారని ఎంబసీయే 2018లో హెచ్చరిక ఇచ్చింది. డబ్బు కట్టకుండా ఫోన్ పెట్టేశాడు కదా అని తమ్ముడు ఆ ఫోన్ సంగతి ఇంట్లో చెప్పలేదు, నాన్న కంగారు పడతాడని. నాన్న కూడా కొడుకు కంగారు పడతాడని బ్యాంకుకి పోతా వాడికి మెసేజ్ కూడా పెట్టలేదు. వీళ్ళిద్దరి ప్రేమ మధ్యలో ఉన్న ఆ ఖాళీలోకే దొంగ దూరాడు.

అమెరికా ఇమ్మిగ్రేషన్ వాళ్ళు ఫోన్ చేసి గిఫ్ట్ కార్డులు, క్రిప్టో అడగరు, ఎవరిదో యూపీఐకి డబ్బు పంపమనరు. సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల రికార్డు కోసం అమెరికా తీసుకునేది) 350 డాలర్లు వీసా ఇంటర్వ్యూకి ముందే ఒక్కసారి కట్టేశాం, అయిపోయింది. నిజంగానే పిల్లోణ్ణి అరెస్టు చేస్తే 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం కాన్సులేటుకి తెలియజేయమని అడిగే హక్కు వాడికి ఉంటది, బెయిలు డబ్బు అక్కడి కోర్టు లెక్కలో కడతారు, కొండపిలో తండ్రి ఫోన్లోంచి యూపీఐలో కాదు. టెక్సాస్‌కి హ్యూస్టన్‌లో మన కాన్సులేటు ఉంది, బయట ఉన్నవాళ్ళు కష్టం చెప్పుకోడానికి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఉంది, బయట ఉండే తెలుగువాళ్ళ కోసం మన రాష్ట్రం పెట్టిన ఏపీఎన్ఆర్టీఎస్ వాళ్ళకి ఇరవై నాలుగు గంటల హెల్ప్‌లైన్ ఉంది. ఈ నంబర్లు పిల్లలు వెళ్ళకముందే వాళ్ళ వాళ్ళ సొంత సైట్లలోంచి తీసి రాసుకోండి, గూగుల్‌లో వెతికితే పైన వచ్చే నంబర్లలో దొంగవి ఉంటయ్. తమ్ముడు క్యాంపస్ పోలీసులకి, మోసాల మీద ఫిర్యాదులు తీసుకునే అక్కడి ఎఫ్‌టీసీకి, ఎఫ్‌బీఐ వాళ్ళ ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదు సైటు ఐసీ3కి ఆన్‌లైన్‌లో రిపోర్టు ఇచ్చాడు. వాడి డబ్బు పోలేదు కానీ వాడి వివరాలు బయట ఉన్నాయి కదా.

ఆ వివరాలు ఎట్టా బయటకి పోయినయ్ అంటే, మేం కూర్చుని వెతికాం. వీసా వచ్చినరోజు ఊళ్ళో ఫ్లెక్సీ కట్టారు, యూనివర్సిటీ పేరు, కోర్సు పేరుతో, ఆ ఫోటో ఎంతమంది స్టేటస్‌లు పెట్టుకున్నారో లెక్కలేదు. మద్రాసు ఎయిర్‌పోర్టులో దిగిన ఫోటోల్లో తేదీ ఉంది. ఒకే సెమిస్టర్‌కి చేరే పిల్లలు పెట్టుకునే ఇంటేక్ గ్రూపుల్లో వందలమంది తెలీనివాళ్ళ మధ్య ఐ-20 ఫోటో పెట్టి "ఇది కరెక్టేనా" అని అడుగుతారు పిల్లలు. ఇన్ని ఉంటే ఆ దొంగకి కంప్యూటర్ హ్యాకింగ్ ఏమీ అవసరం లేదు. మనవాళ్ళ సంతోషం నాకు అర్థమైద్ది, ఫ్లెక్సీ కట్టొద్దని నేను చెప్పను, పేరు, ఫోటో చాలు, యూనివర్సిటీ, ఊరు, తేదీ వద్దు.

ఆడిటర్ ఆఫీసులో ఉంటా కాబట్టి ఫీజుల గురించి కూడా రాస్తాను, ఇది డబ్బు ఎక్కువ పోయే మోసం. సీనియర్ అని ఒకడు గ్రూపులో వస్తాడు, నీ సెమిస్టర్ ఫీజు నేను నా కార్డుతో కట్టేస్తా, నువ్వు పది శాతం తక్కువకి మీ నాన్నతో ఇండియాలో ఈ అకౌంటుకి రూపాయల్లో ఏపించు, టీసీఎస్ (బయటి దేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) కూడా ఉండదు అంటాడు. నిజంగానే పోర్టల్లో బ్యాలెన్స్ సున్నా చూపిస్తది, అది చూసి మనం డబ్బు పంపుతాం. వాడు కట్టింది దొంగిలించిన కార్డుతో. అసలు కార్డు యజమాని ఫిర్యాదు చేయగానే యూనివర్సిటీ నుంచి ఆ డబ్బు వెనక్కి పోయిద్ది, ఫీజు మళ్ళీ మన పిల్లోడి నెత్తిన పడిద్ది, పైగా దొంగ కార్డుతో కట్టించావని విచారణ. టీసీఎస్ కోసం ఈ ఆశ పడక్కర్లేదు, 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షల దాకా టీసీఎస్సే లేదు, బ్యాంకు ఎడ్యుకేషన్ లోనుతో పంపే ఫీజుకి అసలు లేదు, అంతకు మించి సొంత డబ్బు పంపి టీసీఎస్ కట్టినా అది రిటర్నులో చూపించుకుని తిరిగి తీసుకోవచ్చు. పాన్ ఇచ్చి, బయటి దేశానికి డబ్బు పంపడానికి బ్యాంకులో ఇచ్చే ఏ2 ఫారం నింపి, యూనివర్సిటీ చెప్పిన దారిలోనే బ్యాంకు ద్వారా పంపండి. మా ఆఫీసుకి వచ్చే ప్రతి తండ్రికీ ఇది నేను ప్రత్యేకంగా చెప్తున్నాను.

గది అడ్వాన్సులూ అంతే. ఫ్లైట్ ఎక్కకముందే ఫోటోలు చూసి జెల్‌లో డిపాజిట్ పంపేస్తారు. జెల్ మన యూపీఐ లాంటిదే, పంపితే అవతల చేరిపోయిద్ది, వెనక్కి రావడం చాలా కష్టం. గదిని అక్కడున్న ఎవరైనా తెలిసిన పిల్లలు వెళ్ళి చూశాకే పంపండి, లేకపోతే మొదటి వారం యూనివర్సిటీ వాళ్ళు చూపించే చోట ఉండండి, కాస్త ఎక్కువైనా సరే.

ఇప్పుడు మా ఇంట్లో ఏం మార్చామో చెప్తాను. తమ్ముడి ఫోన్లో డునాట్‌డిస్టర్బ్ పెట్టినా సరే అమ్మ, నాన్న, నా నంబర్ల నుంచి వస్తే మోగేట్టు పెట్టాడు, ఐఫోన్లో ఎమర్జెన్సీ బైపాస్ అని ఉంటది, ఆండ్రాయిడ్‌లో స్టార్ కాంటాక్ట్స్‌ని అనుమతించాలి. అర్ధరాత్రి లేపినా ఏమనుకోను అని వాడే అమ్మతో చెప్పాడు. ఇద్దరు రూమ్మేట్ల నంబర్లు, డీఎస్ఓ ఆఫీసు, క్యాంపస్ పోలీసు నంబరు ఒక కాగితం మీద రాసి ఇంట్లో బీరువా తలుపుకి లోపల అంటించాం. మా నలుగురికే తెలిసిన ఒక ప్రశ్న పెట్టుకున్నాం, ఎవరు ఏడుస్తా ఫోన్ చేసినా ముందు అది అడుగుతాం, జవాబు ఎక్కడా రాయలేదు, ఫోన్లో కూడా పెట్టలేదు. నాన్న యూపీఐ లిమిట్ బ్యాంకు యాప్‌లో తగ్గించాం, పెద్ద మొత్తం అయితే బ్యాంకుకి పోయి చెయ్యాలి, పోయే ముందు నాకు ఫోన్ చెయ్యాలి. ఇది నమ్మకం లేక కాదు అని నాన్నకి చాలాసేపు కూర్చుని చెప్పాను, ఆయన కూడా ఒప్పుకున్నాడు, తన తోటి రైతులకి వేలం దగ్గర తనే చెప్తున్నాడు ఇప్పుడు. తమ్ముడు కూడా ఏ అనుమానం ఫోన్ వచ్చినా ఇంట్లో చెప్తానన్నాడు, చెప్తున్నాడు కూడా.

మిగతా డబ్బులో కొంత వేరే రాష్ట్రం బ్యాంకులో ఇంకా హోల్డ్‌లోనే ఉంది, దానికి ఇంకో పిటిషన్ వేశాం, వాయిదా వచ్చే నెల్లో ఉంది. మా మండలంలో ఈ ఆగస్టుకి వెళ్ళే పిల్లల ఇళ్ళకి ఆదివారాలు నేనూ మా ఆయనా పోయి వాళ్ళ ఫోన్లలో పైన చెప్పిన సెట్టింగులు పెట్టి వస్తున్నాం, ఒంగోలు, టంగుటూరు, సింగరాయకొండ వైపు ఎవరికైనా కావాలంటే చెప్పండి, వస్తాం.